చిట్టా, ఆవర్జా, పహాణీ: దత్తాంశ నిల్వ పద్ధతుల ఎంపికపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

సాఫ్ట్‌వేర్ అనువర్తనాలకు దత్తాంశ నిల్వ పద్ధతిని ఎంచుకోవడం సాధారణంగా వేగం, ఖర్చు, సౌలభ్యాల చర్చగా సాగుతుంది. ఏ విషయానికి చోటు కల్పించాలి, మార్పు వచ్చినప్పుడు పాత సమాచారాన్ని చెరిపివేయాలా, దాని పక్కన కొత్తది చేర్చాలా అన్న నిర్ణయాలే ఈ ఎంపికలో ప్రధానమైనవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు తెలంగాణ భూరికార్డులను ఆధారంగా, జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలాన్ని ఉదాహరణగా తీసుకొని, కాగితపు పహాణీ నుండి ధరణి, భూభారతి వరకు నిల్వ నమూనాలో వచ్చిన మార్పులను విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దత్తాంశ నిల్వ, డేటాబేస్, పహాణీ, ఫైసల్ పట్టీ, ధరణి, భూభారతి, కౌలు రైతు, ఇబ్రహీంపట్నం.

1. ప్రవేశిక

ఒక అనువర్తనాన్ని నిర్మించే బృందం మొదట్లోనే తేల్చుకోవలసిన ప్రశ్నల్లో దత్తాంశాన్ని ఏ రూపంలో దాచాలన్నది ఒకటి. పట్టికలుగా దాచే రిలేషనల్ డేటాబేస్ మేలా, ఒక్కో అంశాన్ని ఒక పత్రంగా దాచే డాక్యుమెంట్ డేటాబేస్ మేలా అన్న రూపంలో ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. కంప్యూటర్ శాస్త్ర విభాగాల్లో ఇది సాంకేతిక విషయంగానే బోధనకు వస్తుంది. ఆ నిల్వలో ఎవరి పేరు ఉంటుంది, ఎవరి పేరు ఉండదు అన్న ప్రశ్న సామాజికశాస్త్రాలకు, సాహిత్య విభాగాలకు చెందినదిగా మిగిలిపోతుంది. ఈ విభజన సరైనది కాదు. పట్టికలో ఒక కాలమ్‌ను ఉంచడం, తీసివేయడం సాంకేతిక చర్యగా కనిపించినా దాని ఫలితం పొలంలో తెలుస్తుంది. తెలుగు సమాజంలో ఈ సంగతిని భూరికార్డులంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి అరుదు.

2. కవిలె, కైఫియతు, పహాణీ

తెలుగు నేలమీద గ్రామ సమాచారాన్ని దాచే సంప్రదాయం కంప్యూటరుకు చాలా ముందుది. కరణాలు తాటాకులపై రాసి కాపాడిన దండకవిలెలు గ్రామ చరిత్రను, హక్కులను, లెక్కలను కలిపి దాచాయి. కాలిన్ మెకంజీ సేకరణలోని కైఫియతుల్లో అనేకం ఇలాంటి కవిలెలపై ఆధారపడ్డాయి. కైఫియతు ఒక కథనం. ఒక గ్రామానికి సంబంధించి చెప్పదగినదంతా అందులో ఒకే చోట ఉంటుంది. ఒక ఊరి కైఫియతులో ఉన్న అంశం మరో ఊరి కైఫియతులో ఉండాలన్న నియమం లేదు. నేటి పరిభాషలో ఇది పత్ర నమూనాకు దగ్గరి బంధువు.

నిజాం రాజ్యంలో సర్వే, బందోబస్తు జరిగిన తరువాత స్థిరపడిన రికార్డులు ఇందుకు భిన్నమైనవి. సేత్వార్ బందోబస్తు నాటి మూల రిజిస్టరు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు వివరాలు అందులో ఉంటాయి. తరువాతి విభజనలకు సప్లిమెంటరీ సేత్వార్ తయారయ్యేది. పట్టా మార్పులు ఫైసల్ పట్టీలోకి ఎక్కేవి. ఏటా రాసే పహాణీలో ఆ సంవత్సరం భూమి ఎవరి పేరున ఉంది, ఎవరి అనుభవంలో ఉంది, ఏ పంట వేశారు, నీటి ఆధారం ఏమిటి అన్నవి నమోదయ్యేవి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ వెంటనే వచ్చిన చేసాల పహాణీ నేటికీ తెలంగాణ భూవివాదాల్లో మూలసాక్ష్యాలుగా నిలుస్తున్నాయి.

ఈ మూడింటి మధ్య ఉన్న పొందిక గమనించదగినది. సేత్వార్ ఆరంభ స్థితి. ఫైసల్ పట్టీ మార్పుల వరుస. పహాణీ ఏడాదికొకసారి తీసిన స్థితిచిత్రం. వర్తకుల లెక్కల్లోనూ ఇదే పద్ధతి ఉంది. రోజువారీ లావాదేవీలు చిట్టాలోకి ఎక్కుతాయి. ఖాతాల వారీ నిల్వలు ఆవర్జాలో తేలుతాయి. ఆవర్జాలో తప్పు దొర్లితే చిట్టా చూసి దిద్దుకోవచ్చు. చిట్టా పోతే ఆవర్జాలోని అంకె ఎలా వచ్చిందో చెప్పేవారుండరు. సాఫ్ట్‌వేర్ రంగంలో ఘటనల చిట్టాను మూలంగా ఉంచుకొని దానినుండి వర్తమాన స్థితిని లెక్కించే పద్ధతి ఆధునికమైనదిగా ప్రచారంలో ఉంది. తెలంగాణ రెవెన్యూ దఫ్తరు కాగితంపై చాలాకాలం చేసిన పని కూడా ఇదే.

అయితే పాత దఫ్తరును ఆదర్శంగా చూపడం చరిత్రకు అన్యాయమే అవుతుంది. పహాణీ రాసిన చేయి పట్వారీది. ఊరి బలవంతుల మాట ప్రకారం అనుభవదారు కాలమ్ మారిన సందర్భాలు తెలంగాణ గ్రామచరిత్రలో కొల్లలు. 1984లో అప్పటి ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేయడానికి ఈ అసంతృప్తి కూడా ఒక నేపథ్యం. నిల్వ నమూనా మంచిదైనా రాసే అధికారం ఒక్కరి చేతిలో ఉంటే నమోదు నిజమవుతుందన్న హామీ లేదు.

3. మూడు నమూనాలు

1960ల చివర ఐబీఎం సంస్థ అపోలో అంతరిక్ష కార్యక్రమం అవసరాల కోసం రూపొందించిన ఐఎంఎస్, దత్తాంశాన్ని చెట్టు ఆకారంలో దాచింది. ప్రతి అంశం తనపై ఉన్న అంశానికి కొమ్మగా ఉంటుంది. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా ఈ అంతస్తులను తొలగించి, దత్తాంశాన్ని పరస్పరం సూచించుకొనే పట్టికలుగా చూసింది. నిల్వ లోపలి అమరిక మారినా దానిని వాడే ప్రోగ్రాములు చెడకూడదన్నది కాడ్ లక్ష్యాల్లో ముఖ్యమైనది. 2006లో గూగుల్ బిగ్‌టేబుల్, 2007లో అమెజాన్ డైనమో పత్రాలు వెలువడిన తరువాత, అనేక యంత్రాలపై విస్తరించే నిల్వలకు ఆదరణ పెరిగింది. 2009 నుండి నోఎస్‌క్యూఎల్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. మోంగోడీబీ వంటి పత్ర నమూనా డేటాబేస్‌లు ఈ కాలానివే.

ఈ చరిత్రను ఒకటి పోయి మరొకటి వచ్చిన క్రమంగా చదవడం పొరపాటు. 2014లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.4 పట్టికలోనే పత్రాలను దాచుకొనే జేసన్‌బీ రకాన్ని ప్రవేశపెట్టింది. 2011 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఒక వరుస ఏ కాలంలో చెల్లుబాటు అయిందో దాచే ఏర్పాటును చేర్చుకుంది. పట్టిక, పత్రం, చిట్టా అన్నవి ఒకే అనువర్తనంలో వేర్వేరు పనులకు ఉపయోగపడే రూపాలు. కాబట్టి ఏది గొప్పదన్న ప్రశ్నకన్నా, ఏ సత్యాన్ని ఏ రూపంలో దాచితే నష్టం లేకుండా ఉంటుందన్న ప్రశ్న ఉపయోగకరమైనది.

4. ఇబ్రహీంపట్నం: పేరు, పంట, కొలత

ఉత్తర తెలంగాణలో గోదావరి ఒడ్డున, కోరుట్ల, మెట్‌పల్లి పట్టణాలకు చేరువలో ఉన్న ఇబ్రహీంపట్నం మండలం ఈ ప్రశ్నకు తగిన పరీక్షాస్థలం. మొదటి చిక్కు పేరులోనే ఉంది. రంగారెడ్డి జిల్లాలో ఒక ఇబ్రహీంపట్నం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ దగ్గర మరో ఇబ్రహీంపట్నం ఉన్నాయి. పేరునే గుర్తింపుగా వాడే పట్టికలో ఈ మూడూ కలిసిపోతాయి. జిల్లాతో కలిపి గుర్తిద్దామంటే జిల్లా కూడా స్థిరం కాదు. ఈ మండలం 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, ఆ రోజు ఏర్పడిన జగిత్యాల జిల్లాలోకి మారింది. అంతకుముందు 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఖాస్రా పహాణీ నాటి తాలూకా, నేటి మండలం ఒకే హద్దులు గలవి కావు.

చెట్టు ఆకారపు నిల్వలోనూ, జిల్లా పత్రంలో గ్రామాలను ఇమిడ్చిన పత్ర నమూనాలోనూ ఇలాంటి పునర్విభజన వస్తే లోపలున్న ప్రతి నమోదును కదిలించాలి. పాత జిల్లా పేరుతో ఉన్న దస్తావేజు కొత్త చోట దొరకదు. గ్రామానికి మారని సంకేతం ఒకటి ఇచ్చి, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఏ జిల్లాలో ఉందో వేరే పట్టికలో రాస్తే ఒక వరుస చేర్చడంతో పని ముగుస్తుంది. ఇక్కడ రిలేషనల్ నమూనా స్పష్టంగా మెరుగైనది.

రెండో చిక్కు పంటది. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో పసుపు ప్రధాన వాణిజ్య పంట. వానాకాలం మొదట్లో నాటితే యాసంగి నడుమ వరకు నేలలోనే ఉంటుంది. అందులో మక్కను అంతరపంటగా వేయడం ఇక్కడి రైతుల అలవాటు. ఒక సర్వే నంబరుకు, ఒక కాలానికి, ఒక పంట అని గీసిన పట్టికలో ఈ చేను ఒదగదు. పసుపు రాస్తే మక్క పోతుంది. రెండూ ఒకే గడిలో రాస్తే లెక్కించడం కుదరదు. ఒక గడిలో ఒకే విలువ ఉండాలన్న రిలేషనల్ నియమం పుస్తకాల్లో శుష్కంగా కనిపించవచ్చు. పసుపు చేను ముందు అది పంటలకు వేరే పట్టిక కావాలన్న అవసరంగా అర్థమవుతుంది.

మూడో చిక్కు కొలతది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. రికార్డుల్లో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలని అర్థం, అంటే రెండున్నర ఎకరాలు. యంత్రం దానిని దశాంశ సంఖ్యగా చదివితే రెండెకరాల ఎనిమిది గుంటలే మిగులుతాయి. 1.30, 1.20 విస్తీర్ణాలున్న రెండు ముక్కలను దశాంశాలుగా కూడితే 2.50 వస్తుంది. నిజానికి ఆ మొత్తం మూడెకరాల పది గుంటలు. ఏ డేటాబేస్‌ను ఎంచుకున్నా, ఎకరాలను, గుంటలను వేరువేరు పూర్ణసంఖ్యలుగా గానీ మొత్తం గుంటలుగా గానీ దాచకపోతే ఈ తప్పు తొలగదు. భూమి కొలత తెలిసిన గుమస్తాకు సహజంగా తెలిసే ఈ సంగతి నమూనా గీసే వ్యక్తికి ఎవరైనా చెప్పవలసి ఉంటుంది.

5. ధరణి: ఏకకాలికత సాధించిన మేలు

2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల ప్రక్షాళనను ప్రారంభించింది. వివాదం లేని భూములను పార్ట్ ఏ గా, వివాదాస్పదమైనవాటిని పార్ట్ బీ గా విభజించింది. ఈ దత్తాంశం ఆధారంగా 2018లో రైతుబంధు, రైతుబీమా పథకాలు మొదలయ్యాయి. 2020లో కొత్త పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది.

ధరణిని విమర్శించేవారు దాని ప్రధాన గుణాన్ని కూడా గుర్తించాలి. అంతకుముందు వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర, పట్టా మార్పిడి తహసీల్దార్ దగ్గర జరిగేవి. ఒక రికార్డు మారి రెండోది మారని వ్యవధి నెలల తరబడి సాగేది. ఆ వ్యవధిలోనే ఒకే భూమిని ఇద్దరికి అమ్మే అవకాశం ఉండేది. ధరణి ఈ రెండింటినీ తహసీల్దార్ కార్యాలయంలో ఒకే ప్రక్రియగా మార్చింది. రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు అన్న లావాదేవీ నియమం ఇది. రిలేషనల్ డేటాబేస్‌ల ప్రధాన బలం ఇదే. భూమి హక్కుల విషయంలో వేగం కోసం ఈ నియమాన్ని సడలించే నిల్వ పద్ధతి తగదు. సామాజిక మాధ్యమంలో ఇష్టాల సంఖ్య ఒక్క నిమిషం ఆలస్యంగా సరిపోయినా నష్టం లేదు. పట్టాదారు పేరు విషయంలో ఆ ఒక్క నిమిషం చాలు, మోసానికి.

6. కాలమ్ లేని సాగుదారు

లోపం మరోచోట ఉంది. కొత్త నమూనా పట్టాదారును కేంద్రంగా చేసుకుంది. పాత పహాణీలో పట్టాదారు పక్కన ఉన్న అనుభవదారు, సాగుదారు సమాచారానికి అందులో చోటు లేకుండా పోయింది.

ఇబ్రహీంపట్నం పరిసరాల్లో దీని అర్థం ఏమిటో ఒక ఊహాత్మక కమతం ద్వారా చూడవచ్చు. ఐదెకరాల పట్టాదారు దుబాయిలో పనిచేస్తున్నాడు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలనుండి గల్ఫ్ దేశాలకు వలస విస్తారమైనది కాబట్టి ఈ ఊహ అసహజం కాదు. రెండెకరాలు అతని తమ్ముడు దున్నుతున్నాడు. మూడెకరాలను మరో రైతు కౌలుకు తీసుకొని పసుపు వేశాడు. పాత పహాణీ సక్రమంగా రాస్తే ఈ ముగ్గురూ కాగితంపై కనిపించేవారు. పట్టాదారు కేంద్రక నమూనాలో ఒక్కరే కనిపిస్తారు. రైతుబంధు సొమ్ము పట్టాదారు ఖాతాలోకి వెళ్లేది. పద్దెనిమిది నుండి యాభై తొమ్మిదేళ్ల వయసు గల పట్టాదారు మరణిస్తే రైతుబీమా కింద కుటుంబానికి ఐదు లక్షల రూపాయలు అందుతాయి. సొంత పట్టా లేని కౌలు రైతు అదే చేనులో మరణిస్తే ఆ కుటుంబం ఈ పథకం లెక్కలోకి రాదు. ఇది ప్రభుత్వ విధాన నిర్ణయమే అయినా, ఆ నిర్ణయం మారిన రోజున కూడా సాయం చేరవలసిన వ్యక్తి పేరు నిల్వలో దొరకదు.

ఖాళీగా ఉన్న కాలమ్‌కు, లేని కాలమ్‌కు తేడా ఉంది. ఖాళీ గడిని చూసి ఎవరూ రాయలేదని అధికారిని ప్రశ్నించవచ్చు. కాలమ్ లేనప్పుడు ఆ ప్రశ్నకు ఆధారమే ఉండదు.

అనుభవదారు కాలమ్ తొలగింపుకు సమర్థన లేకపోలేదు. తప్పుడు అనుభవ నమోదుతో అసలు యజమానులు భూమి కోల్పోయిన ఉదంతాలు, కౌలుదారు పేరు రాస్తే హక్కు పోతుందన్న యజమానుల భయం నిజమైనవే. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కు దక్కే మార్గాన్ని కల్పించిన చరిత్ర ఈ భయానికి మూలం. కానీ దీనికి తొలగింపు ఒక్కటే పరిష్కారం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలు రైతుకు ఏడాదిపాటు చెల్లే రుణ అర్హత కార్డును ఇచ్చింది. ఆ కార్డు యాజమాన్య హక్కును తాకదు. నమూనా భాషలో చెప్పాలంటే, యాజమాన్యం ఒక పట్టిక, సాగు మరో పట్టిక, రెండింటినీ కలిపేది సర్వే నంబరు. సాగు పట్టికలోని వరుస ఏడాది తరువాత దానంతట అదే చెల్లకుండా పోతుంది. అంటే యజమాని భయానికి, కౌలు రైతు అవసరానికి ఒకేసారి సమాధానం చెప్పే నిల్వ రూపం తెలుగు చట్టాల్లో అప్పటికే ఉంది. నమూనా గీసినవారు కలిసి ఉన్నవాటిని విడదీయవలసిన చోట ఒకదానిని వదిలివేశారు.

7. చెరిపివేత, చేర్పు

మరో లోపం కాలానికి సంబంధించినది. ధరణిలో పౌరుడి ముందుకు ప్రధానంగా వర్తమాన స్థితి వచ్చేది. ప్రక్షాళన నాటి నమోదు సరైనదైతే ఇబ్బంది లేదు. పేరు తప్పినా, విస్తీర్ణం తగ్గినా, ఆ తప్పే తరువాతి లావాదేవీలకు పునాది అవుతుంది. సర్వే నంబరులో కొంత భాగం కాలువకో రహదారికో సేకరించినందుకు మొత్తం నంబరు నిషేధిత జాబితాలో చేరిన ఉదంతాలు విస్తృతంగా చర్చకు వచ్చాయి. ఇది కూడా నిల్వ నమూనా సమస్యే. భాగానికి వర్తించే గుణాన్ని మొత్తానికి అంటగట్టడం దీనికి కారణం. టీఎం 33 వంటి సవరణ దరఖాస్తులు రైతుల నోట సామాన్య పదాలు కావడం దిద్దుబాటు ఎంత అవసరమైందో తెలుపుతుంది.

సవరణ జరిగినప్పుడు పాత విలువ స్థానంలో కొత్త విలువ వచ్చి కూర్చుంటే రైతుకు సమస్య తీరవచ్చు, రికార్డుకు మాత్రం చరిత్ర పోతుంది. ఎవరు, ఏ రోజు, ఏ ఆధారంతో మార్చారన్నది యంత్రం లోపలి చిట్టాలో ఎక్కడో ఉన్నా, రైతు చేతికి అందని చిట్టా అతనికి సాక్ష్యం కాదు. ఫైసల్ పట్టీ నకలు తీసుకొని కోర్టుకు వెళ్లిన తరానికి ఈ తేడా బాగా తెలుసు. సాదాబైనామా, అంటే తెల్లకాగితంపై రాసుకున్న అమ్మకపు ఒప్పందం, పట్టికలో ఒదగని మరో సాక్ష్యం. దానిని యథాతథంగా దాచి సర్వే నంబరుతో ముడివేయడానికి పత్ర నమూనాయే తగినది. పహాణీ చివర కైఫియత్ అనే కాలమ్ ఉండేది. నియమిత గడుల్లో పట్టని సంగతిని అక్కడ రాసేవారు. గడులకు అతీతమైన జీవితం ఒకటి ఉందని పాత పట్టికే ఒప్పుకుంది.

8. ఎంపికకు ప్రమాణాలు

పై పరిశీలన నుండి నిల్వ పద్ధతి ఎంపికకు మూడు ప్రమాణాలు తేలుతాయి. మొదటిది చోటు. ఈ నిల్వ ఎవరి జీవితాన్ని ప్రభావితం చేస్తుందో వారందరికీ అందులో ఒక వరుస ఉండాలి. రెండోది కాలం. హక్కులను, బాధ్యతలను మార్చే ప్రతి ఘటన చేర్పుగానే నమోదు కావాలి. వర్తమాన స్థితి ఆ చిట్టానుండి లెక్కకు రావాలి. మూడోది దిద్దుబాటు. తప్పు జరుగుతుందని ముందే అంగీకరించి, దిద్దే మార్గం, దాని జాడ, అప్పీలు చేసుకొనే వీలు నమూనాలోనే ఉండాలి.

ఈ ప్రమాణాలతో చూస్తే భూరికార్డులకు ఒకే రూపం చాలదు. యాజమాన్యం, విస్తీర్ణం, సాగు, పంట వంటివాటికి కచ్చితమైన లావాదేవీ నియమం గల పట్టికలు కావాలి. మార్పులకు చెరపరాని చిట్టా కావాలి. సేత్వార్ పుట, సాదాబైనామా, పంచనామా వంటివాటికి పత్ర నిల్వ కావాలి. మూడింటినీ కలిపే స్థిరమైన గుర్తింపు సంఖ్య కావాలి. దీనికి ఖర్చు ఎక్కువ, నిర్మాణం క్లిష్టం అన్న అభ్యంతరం న్యాయమైనది. చిన్న దుకాణం అనువర్తనానికి ఇంత అవసరం లేదు. ఒక్క పట్టిక చాలు. కానీ తప్పు నమోదు వల్ల భూమి పోయే చోట ఆదా చేసిన ఖర్చును చివరకు రైతు కోర్టుల చుట్టూ తిరిగి చెల్లిస్తాడు.

9. ముగింపు

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి అమలులోకి వచ్చింది. అప్పీలు అంచెలకు, గ్రామ లెక్కల నిర్వహణకు ఈ చట్టం తిరిగి చోటిచ్చింది. దిద్దుబాటు ప్రమాణం దృష్ట్యా ఇది ముందడుగు. అయితే పోర్టల్ పేరు మారడం, నిర్వహణ సంస్థ మారడం, నిల్వ నమూనా మారడం మూడూ వేరువేరు సంగతులు. పాత దత్తాంశం కొత్త వ్యవస్థకు బదిలీ అయినప్పుడు పాత తప్పులు కూడా దానితోపాటే వస్తాయి. ఇబ్రహీంపట్నం మండలంలోని కౌలు రైతు పేరు ఆ నిల్వలో ఏ పట్టికలో, ఎంతకాలానికి, ఎవరి సాక్ష్యంతో నమోదవుతుందన్నదే కొత్త వ్యవస్థకు గీటురాయి.

తెలుగు పరిశోధనకు కూడా ఇక్కడ పని ఉంది. కైఫియతులను చరిత్రకు ఆధారాలుగా చదివిన విభాగాలు పహాణీని, ఫైసల్ పట్టీని, నేటి పోర్టల్ నమూనాను కూడా పాఠాలుగా చదవవలసిన అవసరం ఉంది. వాటి కాలమ్‌ల పేర్లు, ఉర్దూనుండి తెలుగులోకి, తెలుగునుండి యంత్రంలోకి మారిన క్రమంలో జారిపోయిన అర్థాలు భాషావేత్త పరిశీలించదగినవి. దత్తాంశ నిల్వను ఎంచుకొనే ఇంజినీరుకు చిట్టా ఏమిటో, ఆవర్జా ఏమిటో, కైఫియత్ కాలమ్ ఎందుకు పుట్టిందో చెప్పగలిగిన జ్ఞానం తెలుగు విభాగాల దగ్గర ఉంది. ఆ జ్ఞానం నమూనా గీసే బల్ల దగ్గరకు చేరితే, పసుపు చేనులో పనిచేసే మనిషికి పట్టికలో ఒక వరుస దొరుకుతుంది.